విసనకర్ర మీద పేరు

1878 జూన్‌లో టోక్యో నుంచి ఉత్తరానికి బయల్దేరిన ఒక ఆంగ్ల మహిళ దగ్గర జపాన్ ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం ఉంది. దాన్నిండా కట్టడులే. అడవుల్లో నిప్పు రాజెయ్యకూడదు. ఎక్కడైనా కొంప అంటుకుంటే గుర్రమెక్కి చూడబోకూడదు. చేలకు అడ్డంపడి నడవకూడదు. గుళ్ళ మీదా గోడల మీదా పిచ్చిరాతలు రాయకూడదు. ఇరుకు బాటలో బండి దౌడు తీయించకూడదు. అధికారులతోనూ జనంతోనూ అణకువగా, సామరస్యంగా మెలగాలి. అంతకు ముందు వచ్చిన దొరలు ఏమేం చేసి ఉంటారో ఊహించుకోవడానికి ఈ పట్టిక చాలు.

ఆమె పేరు ఇసబెల్లా బర్డ్. వయసు నలభై ఆరు. పొట్టి మనిషి, వెన్ను జబ్బు మనిషి. వెంట పద్దెనిమిదేళ్ళ వాడినని చెప్పుకున్న ఒక దుబాసీ కుర్రాడు తప్ప తోడు ఎవరూ లేరు. మూడు నెలల పాటు ఆమె జపాన్ ఉత్తరాది పల్లెల గుండా, ఆపైన హొక్కైడో దీవిలో తిరిగింది. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం రెండు సంపుటాలుగా 1880లో లండన్‌లో వెలువడింది. పల్లెటూళ్ళ గురించీ, అక్కడి మనుషుల మర్యాద గురించీ బయటివాళ్ళు రాసిన పుస్తకాల్లో ఇంత నిక్కచ్చిగా రాసినవి తక్కువ.

యాత్రాగ్రంథాలను తన జీతం డబ్బుల్లోంచి కొని, చివరికి అన్నిటినీ ఊరి గ్రంథాలయానికి అప్పజెప్పి వెళ్ళిన ఒక బడిపంతులు జ్ఞాపకార్థం జరుగుతున్న ఉపన్యాసం ఇది. పరాయి ఊరిని ఎవరైనా మరీ మెచ్చుకుంటే, వాళ్ళకు అక్కడ ఎవరు అన్నం పెట్టారో కనుక్కోమని ఆయన పిల్లలతో అనేవారట. ఆ పద్ధతిలోనే బర్డ్‌ను చదవాలి. ఆమెకు ఎవరు అన్నం పెట్టారు? గుర్రం ఎవరు ఇచ్చారు? ఏ ధరకు ఇచ్చారు? ఎవరు భయపడ్డారు? పల్లెటూరి మంచితనం అంటూ మనం గాలిలో చెప్పుకునే మాట నేల మీదికి దిగేది ఈ ప్రశ్నల దగ్గరే.

బర్డ్ 1831లో యార్క్‌షైర్‌లో ఒక చర్చి గురువు ఇంట పుట్టింది. పద్దెనిమిదో ఏట వెన్ను దగ్గర కంతి తీశారు. వైద్యులు గాలి మార్పు రాసిచ్చారు. విచిత్రం ఏమిటంటే ఇంటి పట్టున ఉన్నప్పుడు మంచం దిగలేని మనిషి, గుర్రమెక్కితే మాత్రం రోజుకు ఇరవై మైళ్ళు పోయేది. 1873లో హవాయి అగ్నిపర్వతాలు ఎక్కింది, ఆ తర్వాత అమెరికా రాకీ కొండల్లో చలికాలం గడిపింది. ఇంటి దగ్గర చెల్లెలు హెన్రియెట్టా ఉంది. స్కాట్లండ్ పడమటి తీరాన మల్ దీవిలో ఆమె నివాసం. అక్క చూసినదంతా ఉత్తరాల్లో చెల్లెలికి చేరేది. జపాన్ పుస్తకం కూడా ఆ ఉత్తరాలే. అది అచ్చయ్యేనాటికి చెల్లెలు లేదు. 1880 జూన్‌లో టైఫాయిడ్‌తో పోయింది. పుస్తకాన్ని మాత్రం బ్రిటిష్ రాయబారి భార్య లేడీ పార్క్స్ స్మృతికి అంకితమిచ్చింది బర్డ్.

తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి కొత్త కాదు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా మజిలీల సంగతులు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసి పంపుతూ వచ్చారు. పిళ్ళ 1838లో వాటిని అచ్చు వేయించారు. ఇంట్లో ఒకరు ఎదురుచూస్తుంటే రాసే రాతలో గొప్పలు తగ్గుతాయి, బియ్యం ధర వస్తుంది, దారిలో నీళ్ళు దొరికాయో లేదో వస్తుంది. ఇద్దరికీ ఒక తేడా మాత్రం ఉంది. వీరాస్వామయ్య స్వయంగా మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. బర్డ్‌కు జపాన్ భాష రాదు. ఆమె విన్న ప్రతి మర్యాద మాటా ఇతో అనే కుర్రాడి నోటి నుంచి వచ్చిందే.

ఈ ఇతోను తెలుసుకోకుండా ముందుకు పోలేం. పూర్తి పేరు ఇతో త్సురుకిచి. అయిదడుగులు కూడా లేడు. ఎవరి సిఫార్సు ఉత్తరమూ లేకుండా వచ్చాడు, నెలకు పన్నెండు డాలర్లు అడిగాడు, మొదటి నెల జీతం ముందే పుచ్చుకున్నాడు. మొహం చూస్తే ఆమెకు నమ్మకం కలగలేదు. అయినా ఇంగ్లీషు వచ్చు, ఉత్తరాది దారులు వచ్చు. అతను చార్లెస్ మేరీస్ అనే మొక్కల సేకర్త దగ్గర ఒప్పందం ఉండగానే అక్కడినుంచి జారుకుని వచ్చాడని ఆమెకు తర్వాత తెలిసింది. ఆమె ఖర్చుల్లో తన వాటా గుట్టుగా తీసుకునేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, రాసింది కూడా. మళ్ళీ అతనే చెప్పిన మాటను చెప్పినట్టు రాసుకునేవాడు, రోజూ కొత్త ఇంగ్లీషు మాటలు నేర్చుకునేవాడు, తన దేశం పరువు పోతుందేమోనని కుమిలిపోయేవాడు. తర్వాతి రోజుల్లో విదేశీ యాత్రికుల వెంట వెళ్ళే దుబాసీల్లో పేరుమోసి 1913లో చనిపోయాడు.

బర్డ్ మొదటి రాత్రి మజిలీ కసుకబె. మర్యాద గురించి రాయడానికి ఇంతకన్నా చెడ్డ ప్రారంభం ఉండదు. గదుల మధ్య ఉన్నవి కాగితపు తలుపులు. వాటికి చిల్లులు. ప్రతి చిల్లు వెనకా ఒక కన్ను. ఈగలు, దోమలు, వాటిని మించి గోమార్లు. పక్క గదుల్లో పాటలు, కేకలు. తలుపులకు గడియ లేదు. ఒంటరి ఆడమనిషి, చేతిలో డబ్బు. భయంతో కంటి మీద కునుకు పడలేదు. వెనక్కి పోదామా అనుకుంది. పుస్తకం అచ్చు వేసేటప్పుడు ఆ ఉత్తరాన్ని దిద్దలేదు. కింద ఒక చిన్న వివరణ మాత్రం చేర్చింది: ఆ తర్వాత జపాన్ లోపలి ప్రాంతాల్లోనూ ఉత్తర దీవిలోనూ కలిపి సుమారు 1,200 మైళ్ళు తిరిగినా తనకు ఏ ఆపదా ఎదురు కాలేదనీ, ఆడమనిషి ఇంత నిర్భయంగా తిరగగల దేశం మరొకటి లేదని తన నమ్మకమనీ. భయాన్ని చెరిపెయ్యకుండా దాని కిందే సవరణ పెట్టడం ఆమె నిజాయితీ.

ఆ మొదటి రోజుల్లోనే ఒక చిన్న సంఘటన. ఆమెనూ సామానునూ లాగుతున్న రిక్షావాళ్ళలో ఒకడికి చెడునీళ్ళు తాగి జబ్బు చేసింది. ఒప్పుకున్న పని ఆగకూడదని తన బదులు ఇంకొకణ్ణి ఏర్పాటు చేసి మరీ ఆగిపోయాడు. జబ్బు పేరు చెప్పి ఒక్క నాణెం ఎక్కువ అడగలేదు. మిగిలినవాళ్ళు నిక్కోలో ఆమెను దించి, తిరిగి వెళ్ళే ముందు కొండ మీంచి అజేలియా పూలకొమ్మలు తెచ్చి ఇచ్చి సెలవు తీసుకున్నారు.

నిక్కోలో ఆమె దిగిన ఇల్లు కనయా జెన్‌ఇచిరోది. ఆయన తోషోగు ఆలయంలో సంగీత సేవ చేసేవాడు. పరదేశులకు ఇంట్లో బస ఇవ్వడం 1873లోనే మొదలుపెట్టాడు. ఆ ఇల్లు ఎంత శుభ్రమంటే, సిరా ఒలుకుతుందేమో, చాప మీద గుంట పడుతుందేమో, కాగితపు కిటికీ చిరుగుతుందేమో అని ఆమె రోజంతా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంది. ఇల్లు ఇంత బాగా లేకపోతే బాగుండునని కూడా అనుకుంది. ఆ కుటుంబం ఆతిథ్యమే తర్వాత నిక్కోలో కనయా హోటల్ అయింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఆ వీధిలో పొద్దున ఆరు గంటలకు ఒక దృశ్యం. పన్నెండు, పద్నాలుగు మంది మగవాళ్ళు పిట్టగోడ మీద వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కడి చేతుల్లో రెండేళ్ళు నిండని బిడ్డ. ఎవడి బిడ్డ బలంగా ఉంది, ఎవడి బిడ్డ తెలివైనది అని పోటీ. అలాంటి ఇళ్ళ పిల్లలకు ఆమె మిఠాయి ఇస్తే, అమ్మో నాన్నో తల ఊపేదాకా పుచ్చుకునేవారు కాదు. పుచ్చుకున్నాక నడుం వంచి దణ్ణం పెట్టి, ముందు అక్కడున్న వాళ్ళందరికీ పంచి, ఆ తర్వాత తాము తినేవారు. కనయా ఇంట్లో పన్నెండేళ్ళ ఆడపిల్ల పెద్దల ఫక్కీలో పిలుపులు పంపి తోటిపిల్లలకు విందు చేసింది. మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరికీ వంగి స్వాగతం చెప్పింది. బర్డ్‌కు ముచ్చట వేసింది, కొంచెం బెంగ కూడా వేసింది. ఇక్కడి పిల్లలు మరీ చిన్న పెద్దవాళ్ళుగా కనిపించారు ఆమెకు. మర్యాద ఒంట్లో పుట్టదు, దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి నేర్పుతారు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నిక్కో దాటితే బీదరికం. ఐజు వైపు కొండపల్లెల గురించి ఆమె రాసినది చదవడం కష్టం. పొగచూరిన ఇళ్ళు, ఒంటిమీద చాలీచాలని బట్ట, పిల్లలకు తలనిండా పుండ్లు, పుసి కట్టిన కళ్ళు. పదేళ్ళ కిందటే, 1868లో, ఆ ప్రాంతం అంతర్యుద్ధంలో ఓడింది. ఐజు కోట కూలింది. ఆమె ఆ సంగతిలోకి పెద్దగా పోలేదు. చూసిన మురికిని మాత్రం ఏ మొహమాటమూ లేకుండా రాసింది. మనుషుల రూపురేఖల గురించి రాసిన మాటలు ఈరోజు ఎవరూ అచ్చు వెయ్యరు. అంత కటువు. అయితే అదే పేజీల్లో ఈ మనుషులే వస్తారు.

కురుమతోగె అనే కనుమ ఊళ్ళో ఒక పిల్లవాడు పొద్దుటినుంచీ ఏడుస్తున్నాడు. గొంతులో చేపముల్లు. బర్డ్ తన కొక్కెపు అల్లికసూదితో దాన్ని లాగేసింది. గంట తిరక్కుండా తల్లి ఒక పళ్ళెం నిండా మిఠాయిలు పంపింది, కానుకతో పాటు పెట్టే ఆనవాయితీ ప్రకారం ఎండు సముద్రనాచు ముక్క ఒకటి పెట్టి మరీ. చీకటి పడేలోపు కాళ్ళ పుండ్లు చూపించుకోవడానికి ఏడుగురు వచ్చారు. వాళ్ళకు ఆమె చెప్పగలిగినది శుభ్రంగా కడుక్కోమని.

ఆ దారిలోనే సామాను ఆవుల మీద కూడా మోసేవారు. బురదా పురుగులూ అంటకుండా వాటి పొట్టకింద నీలిరంగు డ్రాగన్ బొమ్మల గుడ్డలు కట్టి ఉన్నాయి. ఆవుల్ని చూసి బర్డ్‌కు పాల మీద ఆశ పుట్టింది, అడిగింది. ఊరంతా ఒకటే నవ్వు. దూడ తాగాల్సిన పాలు మనిషి తాగడమేమిటి! అంత వాసనా రుచీ ఉన్న పదార్థాన్ని టీలో పోసుకునే పరదేశుల్ని తలచుకుంటేనే వాళ్ళకు కడుపులో తిప్పుతుందని ఇతో వివరించాడు. ఇరానీ చాయ్ తాగి ఈ సభకు వచ్చినవాళ్ళు ఈ పేజీ తప్పక చదవాలి.

జనం ఆమెను చూడ్డానికి ఎగబడ్డారు. అది మాత్రం ప్రతి ఊరి కథే. ఐజు మైదానంలో ఒక పట్టణం వదిలేటప్పుడు గుర్రమెక్కి, జీనుకు వేలాడుతున్న దూరదర్శిని తియ్యబోయింది. పిల్లలూ ముసలివాళ్ళూ ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెత్తారు. పిస్తోలు అనుకున్నారు. యుజావాలో ఆమె తిండి తినే తీరు చూడ్డానికి పక్కింటి సాయబాను కప్పు మీదికి జనం ఎక్కారు. కప్పు కూలి దాదాపు యాభై మంది ధడాలున కింద పడ్డారు. అదృష్టం, గీరుళ్ళు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. పోలీసులు వచ్చి చేసిన మొదటి పని ఆమె పాస్‌పోర్టు అడగడం. కప్పు కూలినందుకు బాధ్యురాలు ఆమే అన్నట్టు.

ఇన్ని గుంపుల మధ్య నుంచి ఆమె తేల్చిన మాట ఇది: యూరప్‌లో చాలా దేశాల్లో, తన ఇంగ్లండ్‌లోనే కొన్ని చోట్ల, పరాయి దుస్తుల్లో ఒంటరి ఆడమనిషి కనిపిస్తే గేలి చేస్తారు, తిడతారు, రేటు పెంచి గుంజుతారు. ఇక్కడ అలాంటిది ఒక్కటి కూడా జరగలేదు. గుంపు కడతారు కానీ ఎవరూ మొరటుగా ప్రవర్తించరు. అకిత దగ్గర మినాతో రేవులో తిరునాళ్ళ చూసిన రోజు పోలీసులు ఆమెకు చెప్పిన లెక్క ప్రకారం అక్కడ జనం 32,000, కాపలాకు ఉన్నది ఇరవై అయిదుగురు. మధ్యాహ్నం మూడింటికి ఆమె వెళ్ళిపోయేదాకా తాగి తూలుతున్నవాడు ఒక్కడూ కనిపించలేదు. జనం బాగా ఒత్తుకున్న చోట వాళ్ళంతట వాళ్ళే ఆమె చుట్టూ కొంచెం జాగా వదిలి నిలబడ్డారు.

ఇదంతా స్వభావమేనా? ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

ఆమె అద్దెకు తీసుకున్న ప్రతి గుర్రమూ ప్రతి కూలీ ఒక సంస్థ ద్వారా వచ్చినవే. ఆమె దాన్ని రికుఉన్ కైష అని రాసింది. అంటే భూమార్గ రవాణా కంపెనీ. టోక్యోలో పెద్ద కచేరీ, ఊరూరా శాఖలు. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి గుర్రానికింత, మనిషికింత అని ధర కట్టి ఉంటుంది. చెల్లించినదానికి రశీదు ఇస్తారు. గుర్రం దొరక్కపోతే ఎక్కడినుంచో తెప్పించే పూచీ వాళ్ళది. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. షోగన్ల కాలంలో రెండు వందల యాభై ఏళ్ళ పాటు రాజమార్గాల వెంట మజిలీ ఊళ్ళకు గుర్రాలూ మనుషులూ సమకూర్చే బాధ్యత ఉండేది. 1868 తర్వాత కొత్త ప్రభుత్వం ఆ ఏర్పాటును రద్దు చేస్తే, ఆ పనిచేసేవాళ్ళతోనే 1872లో ఈ కంపెనీ పుట్టింది. నేటి నిప్పన్ ఎక్స్‌ప్రెస్‌కు అదే మూలం. బేరం లేని చోట మోసానికి సందు తక్కువ. ఆమె మోసపోకపోవడంలో జనం మంచితనానికి ఎంత వాటా ఉందో ధరల పట్టీకీ అంత వాటా ఉంది.

భయం వాటా కూడా ఉంది. అప్పటి ఒప్పందాల ప్రకారం విదేశీయులు రేవు పట్టణాల చుట్టూ పది రి, అంటే సుమారు నలభై కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదు. దాటాలంటే ఆరోగ్యమనో వృక్షశాస్త్రమనో పరిశోధనో కారణం చూపి పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. తప్పు చేసిన విదేశీయుణ్ణి జపాన్ కోర్టులో నిలబెట్టే హక్కు జపాన్‌కు లేదు. ఆ హక్కు 1899లో గానీ తిరిగి రాలేదు. బర్డ్‌కు దాదాపు హద్దుల్లేని పాస్‌పోర్టు సంపాదించి పెట్టినది బ్రిటిష్ రాయబారి హ్యారీ పార్క్స్. ఆమె దిగడానికి వారం ముందే, మే 14న, దేశాన్ని నడిపిస్తున్న మంత్రి ఒకుబొ తోషిమిచిని టోక్యోలో నడివీధిలో నరికి చంపారు. అలాంటి రోజుల్లో పెద్ద దొరగారి కాగితంతో వచ్చిన ఆంగ్ల మహిళకు తమ ఊళ్ళో ఏమైనా జరిగితే ఏమవుతుందో ఊరి పెద్దకు తెలుసు. పోలీసులు ఆమె చుట్టూ తిరగడంలో గౌరవం ఎంతో, జాగ్రత్త అంత.

ఇవన్నీ లెక్కలోంచి తీసేసినా ఇంకా మిగిలేది ఉంది. బర్డ్ పుస్తకంలో అసలు సరుకు అదే.

ఒక రోజు ప్రయాణంలో ఆమె సామాను పట్టీ ఒకటి ఎక్కడో జారిపోయింది. గుర్రం నడిపేవాడు చీకటి పడ్డాక కూడా ఒక రి దూరం వెనక్కి నడిచి వెతికాడు. ఆమె చిల్లర ఇవ్వబోతే వద్దన్నాడు. బయల్దేరినప్పుడు ఏమేం ఉన్నాయో అన్నీ గమ్యంలో అప్పగించడం తన పూచీ, దానికి వేరే డబ్బేమిటి అన్నాడు. కంపెనీ ధరల పట్టీలో ఈ నడకకు ధర లేదు.

జులైలో ఉత్సు కనుమ దాటి దిగితే తెనొకొ అనే ఊరు. అక్కడి రవాణా కచేరీలో గుర్రాల కోసం ఆగింది. ఎండ మండిపోతోంది. ఆమెకు చెమటలు పడుతున్నాయని ఆ ఇంటి ఆడవాళ్ళు పక్కన కూర్చుని ఒక గంటసేపు విసనకర్రతో విసిరారు. ఎంత ఇవ్వమంటారని అడిగితే ఏమీ వద్దన్నారు. ఇదివరకు పరదేశిని చూడలేదు, మీ పేరు మా పుస్తకంలో ఉంది, డబ్బు పుచ్చుకుంటే మా మీద మాకే అసహ్యం వేస్తుంది అన్నారు. పైగా మిఠాయి పొట్లం కట్టిచ్చారు. ఇంటాయన ఒక విసనకర్ర మీద తన పేరు రాసి, తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. తిరిగి ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు గుండుసూదులు తప్ప ఏమీ లేవు. సిగ్గుపడుతూ అవే ఇచ్చింది. వాళ్ళు అలాంటివి ఎన్నడూ చూడలేదు. క్షణంలో అవి గుంపంతా చేతులు మారాయి. జపాన్‌ను తలచుకున్నంత కాలం మిమ్మల్నీ తలచుకుంటానని ఆమె వాళ్ళతో అంది, నిజంగానే అలా అనుకుని అంది.

ఇందులో గమనించాల్సింది మా మీద మాకే అసహ్యం అన్న మాట. అతిథి ఏమనుకుంటుందో అన్న బెంగ కాదు అది. ఆ ఇల్లు తన గురించి తాను పెట్టుకున్న లెక్క. దారిద్ర్యం ఎంత ఉన్నా, తీసుకోకూడనిది ఏదో వాళ్ళకు తెలుసు. ఇతో ఈ మాటను ఇంగ్లీషులోకి తెస్తూ ఎంత మెరుగు పెట్టాడో చెప్పలేం. డబ్బు తీసుకోకపోవడానికీ విసనకర్ర ఇవ్వడానికీ మాత్రం దుబాసీ అవసరం లేదు.

తెనొకొ దాటితే యోనెజావా మైదానం. ఇక్కడ ఆమె కలం పరుగెత్తింది. ఈడెన్ తోటతో పోల్చింది. వరి, పత్తి, మొక్కజొన్న, పొగాకు, జనపనార, నీలిమందు, వంకాయలు, దోస, పుచ్చ, దానిమ్మ. గడ్డిపరక కనిపించని చేలు. అక్కడి రైతుకు తాను దున్నే నేల మీద హక్కు తనదేనని, అందుకే ఈ కళ అనీ రాసింది. ఆ మైదానం ఉన్న యమగతా ప్రాంతం వాళ్ళు ఆ మెప్పును ఇప్పటికీ తమ పర్యాటక పత్రాల్లో వేసుకుంటారు.

ఆమె చూసింది నిజమే. కాకపోతే ఆ పచ్చదనానికి ఒక గతం ఉంది, ఆమెకు అది ఎవరూ చెప్పినట్టు లేదు. నూరేళ్ళ ముందు యోనెజావా సంస్థానం అప్పుల్లో మునిగి దివాలా అంచున ఉంది. 1767లో గద్దెనెక్కిన ఉఎసుగి యోజాన్ తన ఇంటి ఖర్చు కోసుకున్నాడు, నూలు బట్ట కట్టాడు, లక్క చెట్లూ మల్బరీ నాటించాడు, సమురాయ్ ఇళ్ళలో ఆడవాళ్ళ చేత మగ్గం పట్టించాడు. 1822లో ఆయన పోయేనాటికి సంస్థానం తేరుకుంది. బర్డ్ చూసినది ఆ శ్రమ ఫలితాన్ని. ఇక సొంత నేల సంగతి. 1873 భూమిశిస్తు సంస్కరణ రైతుల చేతికి పట్టా కాగితాలిచ్చింది, శిస్తు మాత్రం నగదుగా కట్టమంది. 1880ల మొదట్లో మత్సుకతా ఆర్థికమంత్రిగా ద్రవ్యం బిగించడంతో ధాన్యం ధర పడిపోయింది. శిస్తు పడలేదు. దేశమంతటా ఎందరో రైతులు ఆ పట్టాలను వడ్డీవ్యాపారులకు వదులుకున్నారు. పట్టా చేతికొచ్చి, ఇంకా చేజారని ఆ కొద్ది ఏళ్ళ మధ్యలో ఆమె ఆ దారిన వెళ్ళింది. అయిదారేళ్ళు ఆలస్యమైతే ఉత్తరాల రంగు వేరుగా ఉండేదేమో.

రోడ్ల విషయమూ అంతే. యమగతాలో వెడల్పాటి కొత్త దారులు, రాతి వంతెనలు చూసి ఆమె మురిసిపోయింది. ఆ దారి పనిలో ఎర్రబట్టల ఖైదీలు ఉన్నారని కూడా రాసింది. ఆ రోడ్లు వేయించినది గవర్నర్ మిషిమా మిచిత్సునె. 1882లో ఆయన ఫుకుషిమాకు మారి, ఐజు రైతుల చేత బలవంతపు చాకిరీతో రోడ్లు వేయించబోతే జనం తిరగబడ్డారు. వందల మందిని జైల్లో వేశారు. నాలుగేళ్ళ ముందు బర్డ్ గుర్రాలను నడిపిన ప్రాంతం అదే. ఆ మెత్తటి మనుషులు ఎవరికైనా ఎప్పుడైనా తల వంచుతారని అనుకున్నవాళ్ళు ఫుకుషిమా గొడవ చదవాలి.

ఆమె నడవడి గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇందులో సగం బరువు అతిథి మోసింది. చెప్పులు విప్పకుండా చాపల మీద తిరిగే పరదేశుల మీద జనానికున్న రోత ఆమెకు తెలుసు. ఎక్కడ ఎలా కూర్చోవాలో, ఏది తప్పో తనకు చెప్పమని ఇతోకే అప్పగించింది. వంగి నమస్కరించడం నేర్చుకుంది. అన్నం, గుడ్లు, దోసకాయలు, దొరికినదే తింది. ఒక్క జాతి దర్పం మాత్రం పూర్తిగా వదల్లేదు. ఎదటివాళ్ళ దేవుళ్ళ గురించి రాసేటప్పుడు ఆమెలోని చర్చి గురువు కూతురు లేచి కూర్చుంటుంది.

జపాన్ జానపద పరిశోధకుడు మియమోతో త్సునెఇచి ఈ పుస్తకం మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. కాలినడకన దేశమంతా తిరిగిన మనిషాయన. గోమార్లు, పుండ్లు, పొట్టకింద గుడ్డ కట్టిన ఆవులు స్థానికులకు రోజూ కనిపించేవే కాబట్టి వాటిని రాసిపెట్టినవాళ్ళు తక్కువ. పొగడ్తలను పక్కన పెట్టి ఆయన బర్డ్ దగ్గర వెతుక్కున్నది ఇలాంటి వివరాలనే.

ఆగస్టులో ఆమె జలసంధి దాటి హొక్కైడో చేరింది. అక్కడ మర్యాద కథ అడ్డం తిరుగుతుంది.

హొక్కైడో ఐనూ అనే జాతివాళ్ళ నేల. 1869లో జపాన్ ప్రభుత్వం దానికి ఆ పేరు పెట్టి, వలస కచేరీ తెరిచి, దక్షిణాది జనాన్ని తెచ్చి నింపడం మొదలుపెట్టింది. దారిలో బర్డ్ ఇతోకు గట్టిగా చెప్పింది, ఐనూల దగ్గర మర్యాదగా ఉండాలని. ఇతో మండిపడ్డాడు. వాళ్ళు మనుషులా, కుక్కలు కదా అన్నాడు. తెనొకొలో తన వాళ్ళ మంచితనాన్ని గర్వంగా ఇంగ్లీషులోకి తెచ్చిన కుర్రాడే ఈ మాట అన్నాడు. అతని మర్యాదకు సరిహద్దు ఉంది. అది ఆ జలసంధి దగ్గరే అయిపోయింది. చెప్పొద్దూ, బర్డ్ కూడా ఐనూల గురించి రాసేటప్పుడు అనాగరికులు అన్న మాటను విరివిగా వాడింది, కుక్క అనలేదంతే.

బిరతోరి గ్రామంలో ఐనూ పెద్ద పెన్రియుక్ ఇంట్లో ఆమె దిగింది. బెన్రి అని రాసింది ఆయన పేరు. ఆమె చేరేసరికి ఆయన ఊళ్ళో లేడు. మేనల్లుడు షినొంది ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి దగ్గర అతిథులు కూర్చునే చోట కూర్చోబెట్టాడు. ఉండాలనుకున్నన్నాళ్ళు ఉండమన్నాడు, తమ పద్ధతులు వేరు కాబట్టి మన్నించమన్నాడు. ఊరి పెద్దలు వచ్చి, అరచేతులు ఊపి గడ్డాలు నిమురుకుంటూ తమ రీతిలో వందనం చేసి, పొయ్యి చుట్టూ కూర్చున్నారు. రాత్రి పొద్దుపోయేదాకా ఆమె అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పారు: దేవుళ్ళ గురించి, పెళ్ళి, చావు, ఎలుగుబంటి పండగ. ఒక్కటే కోరారు. ఇవన్నీ మేం చెప్పామని జపాన్ ప్రభుత్వంతో మాత్రం అనకండి, మాకు కీడు జరుగుతుంది అన్నారు. రెండేళ్ళ తర్వాత ఆ సంగతులన్నీ, చెప్పొద్దన్న కోరికతో సహా, లండన్‌లో అచ్చయ్యాయి. పక్కన ఊరి పేరూ పెద్ద పేరూ ఉన్నాయి. ఆ ఇంటి ఆతిథ్యానికి ఆమె ఇచ్చిన బదులు ఇది అనుకుంటే, తెనొకొలో ఇచ్చిన గుండుసూదులే నయం.

ఆ ఇంట్లో ఒక్క మనిషి మాత్రం ఆమెను ఆదరించలేదు. పెన్రియుక్ తల్లి. ఎనభై ఏళ్ళ ముసలామె. రోజంతా ఒక మూల కూర్చుని బట్ట నేతకు చెట్టునార చీలుస్తూ, పరాయి మనిషి వైపు అనుమానంగా చూస్తూ ఉండేది. ఈ రాకతో తమ జాతికి మేలు జరగదని ఆమె ఒక్కతే అనుకుంటోందని బర్డ్ రాసింది, మంత్రగత్తెలా ఉందని కూడా అంది. పుస్తకమంతటిలో అతిథికి మొహం చిట్లించిన మనిషి ఈ ముసలామే. ఈమెది అమర్యాద అని కొట్టిపారేయడం తేలిక. అయితే ఆ పెద్దలు భయపడ్డ కీడును అందరికన్నా ముందు పసిగట్టినది కూడా ఈమే. ఆమె బర్డ్‌ను అనుమానించింది. తర్వాత వచ్చినవి మాత్రం బర్డ్ వల్ల కాదు, ఆ వలస కచేరీ దారిన వచ్చాయి. వాళ్ళ వేటకూ చేపలకూ ఆంక్షలు పడ్డాయి. 1899 చట్టం రక్షణ పేరుతో ఐనూలకు ముక్కలు ముక్కలుగా పొలాలిచ్చి సేద్యం చెయ్యమంది, వాళ్ళ పిల్లలకు జపనీస్‌లోనే చదువు చెప్పింది. ఆ చట్టాన్ని 1997లో రద్దు చేశారు. ఐనూలు ఆ ఉత్తర నేలకు ఆదివాసులని జపాన్ చట్టంలో రాసుకోవడానికి 2019 దాకా పట్టింది.